గ్యాస్ బాయిలర్‌కు స్మార్ట్ కంట్రోల్: యాప్ సంగతి తరవాత, ముందు నీటి వేడి

ఇంటిని వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారి కంట మొదట పడేది గోడమీద మెరిసే స్మార్ట్ థర్మోస్టాట్. ఫోను నుంచి నడపవచ్చనీ, ఇంటివాళ్ల అలవాట్లను నేర్చుకుంటుందనీ, అందరూ బయటికి వెళ్తే తనంతట తానే హీటింగ్ తగ్గిస్తుందనీ దాని పెట్టెమీద రాసి ఉంటుంది. అవన్నీ నిజమే. కానీ అవన్నీ బాయిలర్ ఎప్పుడు మండాలో మాత్రమే తేలుస్తాయి. మండేటప్పుడు నీటిని ఎంత వేడికి తీసుకురావాలన్నది వేరే ప్రశ్న. కాల్చిన గ్యాస్‌లో ఎంత భాగం ఇంటికి దక్కుతుంది, ఎంత పొగగొట్టం గుండా పోతుంది అన్నది ప్రధానంగా ఈ రెండో ప్రశ్న మీదే ఆధారపడి ఉంది. కొనేవారికి దాన్ని వివరించి చెప్పేవారు చాలా తక్కువ. అందుకే ఖరీదైన పరికరం పెట్టుకున్నా బిల్లు అనుకున్నంత తగ్గని ఇళ్లు అన్ని ఉన్నాయి.

సహజవాయువులో అధికభాగం మీథేన్. అది మండినప్పుడు కార్బన్ డయాక్సైడ్‌తోపాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఒక ఘనపు మీటరు వాయువు కాలితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరి రూపంలో వస్తుంది. ఆ ఆవిరి పొగతో కలిసి బయటికి పోతే, దానిలో దాగిన గుప్తోష్ణం కూడా పోతుంది. ఇంధనం మొత్తం శక్తిలో ఇది దాదాపు పదోవంతు. కండెన్సింగ్ బాయిలర్ చేసే పనల్లా ఈ ఆవిరిని లోపలే మళ్లీ నీరుగా మార్చి, ఆ గుప్తోష్ణాన్ని హీటింగ్ నీటికి అందించడం. దానికి ఒక షరతు ఉంది. బాయిలర్ పంపిన వేడినీటితో గదులను వెచ్చబెట్టే లోహపు పలకల నుంచి, అంటే రేడియేటర్ల నుంచి, తిరిగివచ్చే నీరు సుమారు 55 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉండాలి. అంతకంటే వేడిగా వస్తే ఆవిరి ఆవిరిగానే పోతుంది. 55కు కొంచెం దిగువన ఉంటే కొద్దిగా మాత్రమే నీరవుతుంది. 30, 35 డిగ్రీలకు దిగితేనే ఆ బాయిలర్ తన పూర్తి శక్తిని చూపుతుంది. పెట్టెమీద కండెన్సింగ్ అని ఉన్నంత మాత్రాన లోపల ఆ పని జరుగుతున్నట్టు కాదు. ఎంతో మంది ఇళ్లలో బాయిలర్లను బిగించిన రోజునే 75, 80 డిగ్రీలకు పెట్టి వదిలేశారు. అవి ఏళ్ల తరబడి అక్కడే ఉండి, ఆ పదోవంతులో ఎక్కువ భాగాన్ని రోజూ గాలికి వదులుతున్నాయి.

నీటిని అంత వేడి చేయాల్సిన అవసరం నిజంగా ఉందా అంటే, ఏడాదిలో చాలా రోజులు లేదు. రేడియేటర్ల సామర్థ్యాన్ని యూరప్ ప్రమాణాల ప్రకారం నీరు 75 డిగ్రీలకు వెళ్లి 65కు తిరిగివస్తూ, గది 20 డిగ్రీలు ఉన్న స్థితిలో కొలుస్తారు. అంటే రేడియేటర్ సగటు వేడికీ గదికీ తేడా 50 డిగ్రీలు. అదే నీరు 55కు వెళ్లి 45కు వస్తే తేడా 30కి తగ్గుతుంది, రేడియేటర్ ఇచ్చే వేడి దాదాపు సగానికి పడిపోతుంది. సగం అనగానే ఇల్లు చల్లబడుతుందన్న భయం సహజం. కానీ ఇంటికి పూర్తి వేడి కావలసింది ఆ ప్రాంతంలో అతి చలిగా ఉండే కొద్ది రోజులే. బయట 8, 10 డిగ్రీలు ఉన్న సాధారణ శీతాకాలపు రోజున ఇంటికి కావలసింది ఆ గరిష్ఠంలో సగమో, అంతకన్నా తక్కువో. పైగా చాలా ఇళ్లలో రేడియేటర్లు మొదటినుంచీ అవసరానికి మించిన పరిమాణంలోనే ఉన్నాయి. తరవాత గోడలకూ పైకప్పుకూ ఇన్సులేషన్ వేసి, కిటికీలకు రెండు పొరల అద్దాలు పెట్టిన ఇళ్లలో ఆ మిగులు ఇంకా పెరిగింది.

ఇక్కడినుంచి కంట్రోల్ ఎంపిక ఒక స్పష్టమైన దారిలో పడుతుంది. పాతకాలపు థర్మోస్టాట్ ఒక స్విచ్ మాత్రమే. గది చల్లబడితే బాయిలర్‌కు కరెంటు సంకేతం ఇస్తుంది, వెచ్చబడితే తీసేస్తుంది. ఆధునిక బాయిలర్ మంటను పెంచుకోగలదు, తగ్గించుకోగలదు. దీన్ని మాడ్యులేషన్ అంటారు. కానీ స్విచ్ భాషలో మాట్లాడే థర్మోస్టాట్ ‘మండు, ఆగు’ తప్ప మరో మాట చెప్పలేదు. అందువల్ల బాయిలర్ తనకు ముందే పెట్టిన ఉష్ణోగ్రత వైపు పరుగెత్తుతుంది. గోడమీద ఎంత అందమైన రంగుల తెర ఉన్నా, వెనక తీగల్లో నడిచేది ఈ రెండు మాటలే అయితే, నీటి వేడి విషయంలో అది పాత స్విచ్‌తో సమానం. మార్కెట్లో పేరున్న స్మార్ట్ థర్మోస్టాట్లలో కొన్ని ఈ తరగతివే. వాటిని కొన్నవారికి సౌకర్యం పెరుగుతుంది. బాయిలర్ దక్షత మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

స్విచ్ తరహాలోనే కొంచెం మెరుగైనది టీపీఐ పద్ధతి. గది కోరిన వేడికి దగ్గరపడే కొద్దీ బాయిలర్‌ను చిన్న చిన్న విడతలుగా మండిస్తుంది. గ్యాస్ బాయిలర్‌కైతే సాధారణంగా గంటకు 6 విడతలు. గది ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది కాబట్టి ఉక్కపోత, చలి మారి మారి రావు. అయితే మంటను తానే తగ్గించుకోగల బాయిలర్‌కు ఈ విడతలవారీ వెలిగింపు అంతగా నప్పదు. నిదానంగా నిరంతరం మండనివ్వడమే దానికి మేలు.

అసలు లాభం రెండు పద్ధతుల్లో ఉంది. మొదటిది లోడ్ కాంపెన్సేషన్. గదిలోని థర్మోస్టాట్ ‘ఇంకా రెండు డిగ్రీలు కావాలి’, ‘ఇప్పుడు అర డిగ్రీ చాలు’ అని అంకెల్లో చెబుతుంది. దాన్నిబట్టి బాయిలర్ నీటి వేడిని దించుకుంటూ వస్తుంది. రెండోది వెదర్ కాంపెన్సేషన్. ఇంటి బయట గోడకు ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. బయట చలి పెరిగితే నీటి వేడి పెరుగుతుంది, చలి తగ్గితే తగ్గుతుంది. మొదటిది గది చల్లబడిన తరవాత స్పందిస్తుంది. రెండోది ఇల్లు వేడిని కోల్పోయే వేగాన్ని ముందే పసిగడుతుంది. రెండూ కలిస్తే ఇంకా మంచిది. బయటి సెన్సర్ లెక్క వేస్తుంది, ఎండ తగలడమో ఇంటికి చుట్టాలు రావడమో జరిగితే గది సెన్సర్ ఆ లెక్కను సవరిస్తుంది.

యూరోపియన్ యూనియన్ ఇంధన లేబుళ్ల నిబంధనల్లో హీటింగ్ కంట్రోళ్లను ఎనిమిది తరగతులుగా విడదీసి, ఒక్కోదానికి ఇంత శాతం అని దక్షత కలిపారు. మామూలు ఆన్-ఆఫ్ థర్మోస్టాట్‌కు 1 శాతం, టీపీఐకి 2, మాడ్యులేటింగ్ గది థర్మోస్టాట్‌కు 3, బయటి సెన్సర్, గది సెన్సర్ రెండూ కలిసి మంటను నియంత్రించే రకానికి 4, అనేక గదుల సెన్సర్లతో మంటను నియంత్రించే అత్యున్నత తరగతికి 5 శాతం. ఇవి లేబుల్ కోసం ఒప్పుకున్న ప్రామాణిక అంకెలే తప్ప ఏ ఇంటికీ ఇచ్చిన హామీ కావు. 80 డిగ్రీల మీద ఏళ్లుగా నడుస్తున్న ఇంట్లో మార్పు వీటిని మించి ఉండవచ్చు. ఇప్పటికే తక్కువ వేడిమీద నడిచే ఇంట్లో అంత ఉండకపోవచ్చు. అయినా ఆ వరుస చెప్పే మాట గమనించదగినది. ఆ తరగతులను విడదీసిన కొలబద్ద నీటి వేడిని, గది వేడిని కంట్రోల్ ఎలా నడుపుతుందన్నదే. ఫోను యాప్‌కు అందులో ప్రత్యేక మార్కులు లేవు.

ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న బాయిలర్ ప్లస్ నిబంధన ఇంకో దారి పట్టింది. కొత్త కాంబీ బాయిలర్ (ఇంటి హీటింగ్‌కూ, కుళాయి వేడినీళ్లకూ ఒకటే పనిచేసే రకం) పెట్టినప్పుడు సమయం, ఉష్ణోగ్రతల నియంత్రణతోపాటు నాలుగింటిలో ఒకటి ఉండాలంది: పొగలోని వేడిని తిరిగిపట్టే పరికరం, వెదర్ కాంపెన్సేషన్, లోడ్ కాంపెన్సేషన్, లేదా తనంతట తానే సర్దుకునే (ఆటోమేషన్), ఎప్పుడు మొదలుపెట్టాలో లెక్కవేసే (ఆప్టిమైజేషన్) స్మార్ట్ కంట్రోల్. ఉద్దేశం మంచిదే. కానీ నీటి వేడిని దించే పద్ధతులనూ, ఆన్-ఆఫ్ సంకేతం మాత్రమే ఇచ్చే స్మార్ట్ పరికరాలనూ ఒకే గాటన కట్టడం వల్ల చాలా మంది బిగించేవారు సులువైన నాలుగో దారినే ఎంచుకునే వీలు కలిగింది. జర్మనీలో దశాబ్దాలుగా చట్టం చెప్పేది వేరు. సెంట్రల్ హీటింగ్‌కు ఇచ్చే వేడి బయటి ఉష్ణోగ్రతనుబట్టో, దానికి సమానమైన మరో కొలతనుబట్టో తనంతట తానే తగ్గాలి, పెరగాలి. అందుకే అక్కడ బయటి గోడ సెన్సర్‌ను ఎవరూ విలాసంగా చూడరు.

కొనే ముందు తేల్చుకోవలసిన మొదటి సంగతి బాయిలర్‌కు ఏ భాష వచ్చు అన్నది. ఓపెన్‌థర్మ్ అనే డిజిటల్ పద్ధతి 1996 నాటి నుంచి ఉంది. రెండు తీగల మీద నడుస్తుంది, ఏ తీగ ఎటు కలిపినా ఫరవాలేదు. వేర్వేరు కంపెనీల బాయిలర్లూ థర్మోస్టాట్లూ దీని ద్వారా నీటి వేడి గురించి అంకెల్లో మాట్లాడుకోగలవు. అయితే అన్ని కంపెనీలూ దీన్ని ఒప్పుకోలేదు. వాయిలంట్‌కు ఈబస్, బాష్ కుటుంబానికి ఈఎమ్ఎస్ అనే సొంత పద్ధతులున్నాయి. అలాంటి బాయిలర్‌కు బయటి కంపెనీ పరికరం పెడితే, అది ఆ సొంత భాష నేర్చినదైతే తప్ప, చివరికి ఆన్-ఆఫ్ స్విచ్‌గానే మిగులుతుంది. అటువంటప్పుడు బాయిలర్ తయారుచేసిన కంపెనీవారి కంట్రోలే సరైన ఎంపిక. చూడటానికి సాదాగా ఉన్నా, యాప్ కాస్త పాతగా అనిపించినా సరే. కొన్ని బాయిలర్లలో వెదర్ కాంపెన్సేషన్ లెక్క అంతా లోపలే ఉంటుంది. సెన్సర్ కొని రెండు తీగలు కలపడమే మిగిలిన పని. అలాంటి ఇంటివారు స్మార్ట్ థర్మోస్టాట్ కొనే ముందు ఆ సెన్సర్ కొనడం తెలివైన పని.

ఇక్కడే మరో చిక్కు పొంచి ఉంది. థర్మోస్టాట్‌కూ బాయిలర్‌కూ ఓపెన్‌థర్మ్ వచ్చినా, బిగించేవారు అలవాటు ప్రకారం ఆన్-ఆఫ్ సంకేతానికి వాడే రిలే టెర్మినళ్లకు తీగలు కలిపి వెళ్లిపోవడం తరచూ జరుగుతుంది. ఇల్లు వెచ్చబడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కనిపెట్టడం తేలిక. డిజిటల్‌గా కలిపి ఉంటే చాలా పరికరాల యాప్‌లోనో, సెట్టింగుల్లోనో బాయిలర్ నీటి ఉష్ణోగ్రత, మంట శాతం కనిపిస్తాయి. బాయిలర్ తెరమీద నీటి వేడి లక్ష్యం గంట గంటకూ మారుతూ ఉంటుంది. ఎప్పుడు చూసినా అది ఒకే అంకె దగ్గర నిలిచి ఉంటే ఆన్-ఆఫ్‌గా నడుస్తున్నట్టే. తీగల పని మాత్రం సొంతంగా చేయకూడదు. పాత థర్మోస్టాట్ తీగల్లో ఇంటి కరెంటు ఉండవచ్చు. దాన్ని తక్కువ వోల్టేజీ టెర్మినళ్లకు తగిలిస్తే బాయిలర్ సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది, మనిషికీ ప్రమాదం.

బాయిలర్ పరిమాణం గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఏ కంట్రోల్ అయినా బాయిలర్ దిగగలిగినంత వరకే దించగలదు. స్నానానికి వేడినీళ్లు వెంటనే రావాలని కాంబీ బాయిలర్లను 24, 30 కిలోవాట్లకు తయారుచేస్తారు. ఒక మోస్తరు ఇంటిని వెచ్చగా ఉంచడానికి గట్టి చలిలోనూ అందులో పావో, మూడోవంతో చాలు. మామూలు రోజుల్లో 2, 3 కిలోవాట్లు చాలు. బాయిలర్ మంట 10లో 1వంతుకు దిగగలిగితే 30 కిలోవాట్ల యంత్రం 3 దాకా వస్తుంది. 4లో 1వంతే దిగగలిగితే 7 దగ్గర ఆగిపోతుంది. అప్పుడు మిగులు వేడితో నీరు గబగబా వేడెక్కుతుంది, బాయిలర్ ఆగుతుంది, కొన్ని నిమిషాల్లో మళ్లీ వెలుగుతుంది. ఇలా వెలుగుతూ ఆరుతూ ఉండటం వల్ల గ్యాసూ వృథా, యంత్రానికీ అరుగుదల. బాయిలర్ సెట్టింగుల్లో హీటింగ్‌కు వాడే గరిష్ఠ శక్తిని ఇంటి అవసరానికి తగ్గట్టు దించే వీలు చాలా మోడళ్లలో ఉంది. బిగించేవారిని అడిగి ఆ పని చేయించుకోవాలి.

ఈ వెలుగు-ఆరు జబ్బును అనుకోకుండా పెంచేది గదిగదికీ పెట్టే స్మార్ట్ రేడియేటర్ వాల్వులు. ప్రతి గదికీ వేరే సమయం, వేరే ఉష్ణోగ్రత పెట్టుకోవచ్చన్న ఆలోచన ఆకర్షణీయంగా ఉంటుంది. ఇంట్లో ఒక్క గది మాత్రమే వేడి అడుగుతుంటే బాయిలర్ ముందు ఒక కిలోవాటు పని ఉంటుంది, దాని కనిష్ఠ మంట మూడు కిలోవాట్లు ఉంటుంది. పైగా వెచ్చగా ఉన్న గది తన వేడిని లోపలి గోడల గుండా, తలుపుల సందుల్లోంచి చల్లని గదులకు పంచుతుంది. దాంతో ఆ వెచ్చని గది రేడియేటర్ ఇంకా వేడెక్కాల్సి వస్తుంది, తిరిగివచ్చే నీటి వేడి పెరుగుతుంది, కండెన్సింగ్ తగ్గుతుంది. అందుకని ఈ వాల్వులను మితంగా వాడటం మంచిది. అరుదుగా వాడే అతిథి గదికీ, ఎండ పడి వేడెక్కే గదికీ అవి ఉపయోగమే. ఇల్లంతా దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో, తక్కువ వేడి నీటితో, తెరిచి ఉన్న రేడియేటర్లతో నడపడమే చాలా చిన్న, మధ్య తరహా ఇళ్లకు లాభం. వాడని గదులు చాలా ఉన్న పెద్ద ఇంటి లెక్క వేరు. ప్రధాన థర్మోస్టాట్ ఉన్న గదిలో మాత్రం రేడియేటర్‌కు ఇలాంటి వాల్వు పెట్టకూడదు. రెండూ ఒకే గదిని చెరోవైపు లాగుతాయి.

వెదర్ కాంపెన్సేషన్ పెట్టించుకున్నాక ఓపిక పట్టవలసిన దశ ఒకటుంది. బయటి ఉష్ణోగ్రతకూ నీటి ఉష్ణోగ్రతకూ సంబంధం చెప్పే రేఖను ఇంటికి తగ్గట్టు సర్దాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఆ రేఖ ఎవరికీ చలి వేయకూడదన్న ఉద్దేశంతో బాగా ఎత్తులో ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే సెన్సర్ పెట్టిన ఫలితం సగం కూడా రాదు. రేడియేటర్ల వాల్వులన్నీ పూర్తిగా తెరిచి, రేఖను కొద్దికొద్దిగా దించుతూ పోవాలి. ఒక్కో మార్పు తరవాత ఒకటి రెండు రోజులు ఆగి చూడాలి, ఎందుకంటే గోడలు, నేల ఆ వేడికి అలవాటు పడటానికి సమయం పడుతుంది. మామూలు చలిలో సరిపోయి, చలి ముదిరినప్పుడు మాత్రమే ఇల్లు చల్లబడుతుంటే రేఖ వాలు పెంచాలి. ఏ వాతావరణంలోనైనా ఒకే మేరకు చల్లగా ఉంటే రేఖ మొత్తాన్ని పైకి జరపాలి. ఒక్క గది మాత్రమే వెనకబడుతుంటే తప్పు రేఖది కాదు. ఆ గది రేడియేటర్ చిన్నదో, నీటి పంపకం సరిగా లేదో చూసుకోవాలి. ఆ ఒక్క గది కోసం ఇంటి మొత్తానికి నీటిని వేడెక్కించే కంటే అక్కడ పెద్ద రేడియేటర్ పెట్టడం చౌక. సెన్సర్ ఉత్తరపు గోడమీద, ఎండ, పొగగొట్టం, కిటికీ వేడి తగలని చోట ఉండాలి. ఎండ పడే చోట పెడితే మధ్యాహ్నం పూట ఇంటిని అది మోసగిస్తుంది.

వేడినీళ్ల సంగతి వేరు. కాంబీ బాయిలర్‌లో హీటింగ్ నీటికీ కుళాయి నీటికీ వేర్వేరు సెట్టింగులుంటాయి, ఒకదాన్ని దించితే రెండోదానికి ఏమీ కాదు. వేడినీళ్లను సిలిండర్‌లో, అంటే ట్యాంకులో, నిల్వ చేసే ఇళ్లలో జాగ్రత్త కావాలి. ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియోనెల్లా బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది కాబట్టి నిల్వ నీటిని 60 డిగ్రీలకు తెస్తారు. దానికి బాయిలర్ నీరు అంతకంటే వేడిగా ఉండాలి. సిలిండర్‌ను వేడిచేసే కొద్దిసేపు ఎక్కువ వేడి, మిగతా సమయమంతా రేడియేటర్లకు తక్కువ వేడి ఇచ్చే ఏర్పాటు చాలా బాయిలర్లకు ఉంది. అది లేకపోతే సిలిండర్ కోసం పెట్టిన 70 డిగ్రీలే రోజంతా రేడియేటర్లలోనూ తిరుగుతాయి. ఇంట్లో సిలిండర్ ఉంటే కంట్రోల్ కొనే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

రాత్రి పూట ఎంత తగ్గించాలన్నదానిమీద వాదనలు ఎడతెగవు. రోజంతా ఒకేలా ఉంచితే తక్కువ గ్యాస్ అవుతుందన్న నమ్మకం మామూలు ఇంటికి వర్తించదు. ఇల్లు ఎంత వెచ్చగా ఉంటే అంత వేడి కోల్పోతుంది, తగ్గించిన గంటల్లో ఆ నష్టం తగ్గుతుంది. కానీ రాత్రి బాగా చల్లబరిచి, తెల్లవారగానే గంటలో వేడెక్కించాలంటే నీటిని 70కి తీసుకుపోక తప్పదు. ఆ సమయంలో కండెన్సింగ్ ఆగిపోయి, రాత్రి మిగిల్చినదాంట్లో కొంత పోతుంది. తక్కువ వేడిమీద నడిచే ఇంట్లో రెండు మూడు డిగ్రీలు తగ్గించి, ఉదయం ముందుగా నిదానంగా మొదలుపెట్టడం మంచి మార్గం. ఇల్లు వెచ్చబడటానికి ఎంతసేపు పడుతుందో నేర్చుకుని తానే ముందుగా మొదలుపెట్టే స్మార్ట్ సౌకర్యం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఫోను ఎక్కడుందో చూసి హీటింగ్ తగ్గించే సౌకర్యం వేళాపాళా లేకుండా బయటికి వెళ్లివచ్చేవారికి ఉపయోగం. పెద్దవాళ్లో పసిపిల్లలో రోజంతా ఉండే ఇంట్లో దానికి పనేమీ ఉండదు.

యాప్ మీద ఆధారపడే పరికరానికి ఇంకో కోణం ఉంది. బాయిలర్ పదిహేనేళ్లు నడుస్తుంది, సాఫ్ట్‌వేర్ సేవలు అంతకాలం నడుస్తాయన్న భరోసా లేదు. గూగుల్ తన నెస్ట్ థర్మోస్టాట్లలో 2011, 2012 నాటి మొదటి రెండు తరాలకు 2025 అక్టోబర్‌లో యాప్ మద్దతు నిలిపివేసింది. గోడమీద చేత్తో తిప్పితే అవి పనిచేస్తాయి, ఫోను నుంచి నడపడం మాత్రం పోయింది. కాబట్టి ఇంటర్నెట్ పోయినా, కంపెనీ సర్వర్ ఆగినా నీటి వేడి లెక్క ఇంట్లోనే జరిగే పరికరం కావాలి. బయటి ఉష్ణోగ్రతను గోడ సెన్సర్‌కు బదులు ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే రకాలు తీగ లాగడానికి వీల్లేని ఇంటికి సరే. వీలున్న చోట తీగ సెన్సరే నమ్మకం.

ఖర్చు లేని మొదటి అడుగు మాత్రం ఏ పరికరమూ కొనక ముందే ఉంది. బాయిలర్ మీద హీటింగ్ నీటి సెట్టింగును 60కో, ఇల్లు ఒప్పుకుంటే 55కో దించి కొద్ది రోజులు చూడటం (సిలిండర్ ఉన్న ఇంట్లో అయితే దానికి వేరుగా ఎక్కువ వేడి ఇచ్చే ఏర్పాటు ఉంటేనే). ఇంగ్లండ్ భవన నిబంధనల్లో 2022 జూన్ నుంచి కొత్తగా వేసే హీటింగ్ వ్యవస్థలను 55 డిగ్రీలు మించని నీటితో నడిచేలా రూపొందించాలన్న నియమం వచ్చింది కూడా. బాయిలర్ కింది నుంచి వెళ్లే సన్నని ప్లాస్టిక్ గొట్టంలో హీటింగ్ నడుస్తున్నప్పుడు నీళ్లు ధారాళంగా పడుతున్నాయంటే ఆవిరి లోపలే నీరవుతోందని అర్థం. గట్టి చలిలోనూ 50, 55 డిగ్రీల నీటితో ఇల్లు వెచ్చగా నిలిస్తే, మున్ముందు ఆ బాయిలర్ స్థానంలో హీట్ పంప్ (బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి తెచ్చే, తక్కువ వేడి నీటితో బాగా నడిచే యంత్రం) వచ్చినా అవే రేడియేటర్లు చాలావరకు సరిపోతాయి. ఏ గదికి సరిపోవో కూడా అప్పటికే తెలిసి ఉంటుంది.